ఎక్కువైన తొంభై కిలోలు

"తొంభై కిలోలు ఎక్కువ. దించితేగాని బండి కదలదు," అంది పోలీసమ్మాయి, కారుకి తగిలించిన కారవాన్ అనే ఇంటిబండి చక్రాల కింద పెట్టిన తూకపు పలకల్ని చూస్తూ.

వుబ్బోకి నవ్వొచ్చింది. "నీ తూకానికి జలుబు చేసినట్టుంది తల్లీ. నువ్వు పుట్టకముందు నుంచీ కారు వెనక ఇది తగిలించుకుని ఫ్రాన్సుకి పోతున్నాను. బరువులన్నీ అడుగున, సరిగ్గా ఇరుసు మీద సర్దాను. కొక్కెం మీద ఎంత భారం పడుతోందో తూచుకునే బయల్దేరాను. వెనక చూసుకునే అద్దాలు బయటికి చాచాను. ఇంకేం కావాలి?"

"సర్దడం బాగుంది పెద్దాయనా. సర్దిందే ఎక్కువైంది. బ్రేకు వేస్తే మీ కారు ఆగుతుంది, వెనకాలది ఆగదు. కాస్త గాలి కొట్టిందంటే తోకాడించడం మొదలెట్టి కారుని కూడా పల్టీ కొట్టిస్తుంది. ఇంతకీ లోపల ఏముంది?"

వుబ్బో ఆకాశంలోకి చూశాడు. అతని భార్య ఫెన్నా చెప్పింది: "బంగాళాదుంపలు."

"ఫ్రాన్సులో దొరకవా?"

"దొరుకుతాయి. సబ్బుబిళ్లల్లా ఉంటాయి," అన్నాడు వుబ్బో.

జులై నెల, సెలవుల మొదటి రోజు. హాలండు దేశం సగానికి సగం కారు వెనక ఇల్లు తగిలించుకుని దక్షిణానికి బయల్దేరే రోజు. బెల్జియం సరిహద్దుకి కాస్త ఇవతల, పెద్దరోడ్డు పక్క మైదానంలో ఆ తనిఖీ.

వుబ్బోకి ఒకటే తొందర. ఫ్రాన్సులో ఏటి ఒడ్డున, కొళాయికి దగ్గరగా, చెట్టు నీడన ఏటా వాళ్లు దిగే చోటు ఒకటుంది. రేపు మధ్యాహ్నంలోగా చేరకపోతే అది పక్కవీధి హార్మ్‌కి పోతుంది. వాడు దానిమీద ఎప్పట్నుంచో కన్నేసి ఉన్నాడు.

బస్తా ఒకటి భుజానికెత్తుకుని వెనక బండి దగ్గరికి పరుగెత్తాడు. ఆ బండి యెల్లె అనే కుర్రాడిది.

"బాబూ, మంచి దుంపలు. ఊరికే ఇస్తా, తీసుకో."

"భలేవారే! నా బస్తాలు ఎవడు మోసుకుపోతాడా అని నేను చూస్తుంటేను!"

దాని వెనక బండిలోనూ దుంపలే. ఆ వెనకా అవే. ఒకాయన మాత్రం జున్ను గుండ్లు నింపుకొచ్చి, తనేదో అందర్లాంటివాడు కాదన్నట్టు చూస్తున్నాడు.

"అయితే పారబోయండి," అంది పోలీసమ్మాయి.

ఒక ముసలావిడ గుండె పట్టుకుని కూలబడింది.

"పారబోయలేకపోతే తినండి!" అని విసుక్కుని ఆ పిల్ల పక్క బండికి పోయింది. విసుగులో అన్న మాటని వాళ్లు ప్రభుత్వ ఉత్తర్వు కింద తీసుకున్నారు.

పొయ్యిలు దిగాయి. గిన్నెలెక్కాయి. దుంపలు ఉడికిన ఆవిరి చూసి పొగమంచు కమ్మిందనుకుని రోడ్డు మీది లారీలు పట్టపగలే దీపాలు వేసుకున్నాయి. దారి తెలియక ఆగిన డ్రైవర్లకి కూడా తలా ఒక పళ్లెం అందించారు.

"తిను ఫెన్నా, తిను! రేపు మధ్యాహ్నానికి చేరాలి."

"నేను తింటే, కారవాన్‌లో తగ్గింది కార్లోకి ఎక్కదూ?"

"కారు లెక్క వేరే. నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుని ఎలా తినను?"

తినాలంటే కూర్చోవాలి కదా, కుర్చీలు దిగాయి. చినుకులు పడేసరికి బండ్లకి గుడ్డ పందిళ్లు లేచాయి. తిన్నాక కదలలేక పేకాట మొదలైంది. సాయంత్రం కాఫీ, మనిషికి ఒక్క బిస్కెట్టు, వెంటనే డబ్బాకి మూత. జున్ను గుండ్లాయన తన పందిరి చుట్టూ తాడు కట్టుకుంటే, నా స్థలంలోకి జరిగావంటూ పక్కాయన గొడవకి దిగాడు. యెల్లె వాళ్లమ్మా, ఫెన్నా ఒకే బడిలో చదివారని తేలింది. ఫ్రెంచి ముక్క ఒక్కటి మాట్లాడే పని ఎవరికీ పడలేదు.

మర్నాడు మధ్యాహ్నం హార్మ్ ఫోన్ చేశాడు. "వుబ్బో, నీ చోట్లోనే కుర్చీ వేశాను. నీడ చల్లగా ఉంది."

"ఇంకొక్క బస్తానే మిగిలిందిరా! వచ్చి నిన్నూ నీ కుర్చీనీ కలిపి ఏట్లోకి తోస్తా!" అని ఫోన్ విసిరి, వుబ్బో ఆవేశంగా మరో పళ్లెం లాగించాడు.

మూడో రోజు పోలీసమ్మాయి వచ్చి చక్రాల కింద పలకలు తోసింది. చూసి సంతోషంగా లేచింది.

"సరిపోయింది పెద్దాయనా! దీన్నొక్కసారి మళ్లీ సరిచూశానంటే, మీరింక ఫ్రాన్సుకి వెళ్లొచ్చు."

వుబ్బో తన చేతిలోని పేకముక్కలకేసి చూసుకున్నాడు. యెల్లె వాళ్లమ్మతో బడి కబుర్లు చెప్పి చెప్పి నవ్వుతున్న ఫెన్నాకేసి చూశాడు. ఆ అమ్మాయి అలా వంగిందో లేదో, వెనక్కి తిరిగి గొంతు తగ్గించి అన్నాడు:

"ఒరేయ్ యెల్లె, నీ బస్తా ఒకటి మా బండిలో పడెయ్. తొందరగా!"