మూడు జిల్లాల బండి

కనక రెండు నెలల బిడ్డను వీపున కట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. వానల్లో ఒక సాయంత్రం అనంతగిరి ఘాటీలో తన దగ్గర ఆగిన తెల్లబండి ఇక్కడిదేనా అని అడిగింది.

"మాది కాదు," అన్నాడు ఎస్సై. "మూడు జిల్లాల పోలీసులం కలిసి ఒకేసారి కొన్నాం. ధర తగ్గింది. అన్నీ ఒకేలా ఉంటాయి. పక్క స్టేషన్లో అడుగు."

"అడిగినాను బాబూ. ఆలూ మాది కాదనీసినారు."

ఎస్సై డ్రైవరు ఐజాక్‌ వైపు చూశాడు.

"ఆరోజు మన బండి గేటు దాటలేదు సార్," అన్నాడు ఐజాక్.

"విన్నావుగా. ఇంతకీ నీ కంప్లైంటు ఏమిటి?"

"కంప్లైంటు కాదు బాబూ. ఈ గుంట ఆ బండిలోనే పుట్టింది. నొప్పులొచ్చి రోడ్డు మీద కూలబడిపోతే డ్రైవరు బాబు ఎక్కించుకున్నాడు. ఆస్పత్రి కాడ దింపీసి, మాటైనా ఆడకుండా ఎల్లిపోనాడు. ఆ నొప్పుల్లో మొకం సూడనేదు నాను. ఆ బాబు తల్లి పేరు దీనికి పెడదావని తిరుగుతన్నాను."

ఎస్సై కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఆ బండి మాదేనమ్మా," అన్నాడు. "నేనే పంపించాను."

"అయితే డ్రైవరు బాబు తల్లి పేరేటి?"

ఎస్సైకి తెలియదు. మళ్లీ ఐజాక్‌ వైపు చూశాడు.

"సువార్తమ్మ," అన్నాడు ఐజాక్. "తెల్లారేసరికి వెనక సీటు కడిగిపెట్టింది కూడా ఆవిడే సార్."