దొరల బంకర్లు

“ఈడ బంకర్లు ఉన్నయంట, నిజమేనా?” గోల్ఫ్ మైదానం గేటు దాటుతూనే అడిగాడు పోలీసు అమీన్ మధుసూదన్.

“ఉన్నయి సాబ్. ఇంగ్లీషు దొర దగ్గరుండి తవ్విచ్చిండు,” అన్నాడు తోటమాలి నాగూర్ బాషా గర్వంగా. “దాంట్ల పడ్డదంటే బయటికి తీసుడు శాన తక్లీఫ్.”

బాషా చెప్పింది బంతి గురించి. అమీన్ విన్నది భారత యూనియన్ సైన్యం గురించి. ఆ సైన్యం షోలాపూర్ దారిన దగ్గరికొచ్చేసిందని కబురు. సికింద్రాబాదును కాపాడే భారం నిజాం సర్కారు తన నెత్తినే పెట్టిందని అమీన్ నమ్మకం.

మైదానమంతా తిరిగి చూశాడు. అటూ ఇటూ వేపలు, చింతలు, నిద్రగన్నేర్లు, నడుమ సన్నటి పచ్చిక బాట. గురి కాస్త తప్పినా బంతిని చెట్లు మింగేస్తాయి. దొర పెట్టిన మెలిక అదే. ఆ చెట్లకు నీళ్లు మోసి మోసి బాషా భుజం ఒకవైపుకు ఒరిగిపోయింది.

చివరి పచ్చిక దగ్గర బాషా చెప్పిన బంకర్లను, లోతైన ఇసుక గుంతలను చూసి అమీన్ ముఖం వికసించింది. పక్కనే పాతిన కర్రనూ, దానికి వేలాడే పేలికనూ చూసి మాత్రం ముఖం చిట్లించాడు.

“ఈ పాతగుడ్డ ఏందీ?”

“బంతి యాడ ఏయాల్నో దూరంకెళ్లి కనవడెతందుకు సాబ్. ఎర్రగ ఉండె, ఎండకు ఎలిసింది. కొత్తది కొందమని పోతే, ఎర్రగుడ్డ నీకెందుకు, కమ్యూనిస్టువా అని దుకాణపోడు ఎగాదిగ చూసిండు.”

“అయితే కొనకు. దీన్నే ఉండనియ్, గాలి ఎటుకెళ్లి వస్తున్నదో తెలుస్తది. నా జవాన్లు ఈ గుంతలల్ల ఉంటరు. చెట్లే అడ్డమున్నయి. రేపు పొద్దుగాల కొట్టిచ్చేస్త.”

బాషా చేతులు జోడించాడు. “చెట్లు లేకుంటే ఇది ఉత్త బయలు సాబ్. మీకు సుత చాటుండది,” అని బతిమాలాడు. వినేవాడెవడు?

తెల్లారి గొడ్డళ్లు వచ్చాయి. వాటి వెనకే యూనియన్ సైన్యం జీపులూ వచ్చాయి.

గుంతల్లో జవాన్లు తుపాకులెత్తారు. ఒక్కటీ పేలలేదు, అన్నిట్లోనూ ఇసుక. ఇక పని అయిపోయిందని అమీన్ కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ అటునుంచి కూడా తూటా రాలేదు.

జీపు దిగిన మేజరు మద్రాసు వైపు తెలుగువాడు. తీరిగ్గా నడిచి వచ్చి గొడ్డళ్లవాళ్లను ఆపాడు. “ఈ చెట్ల మీద ఒక్క దెబ్బ పడకూడదు. ఇకమీదట సాయంత్రాలు మేమిక్కడ ఆడుకుంటాం.”

బాషా పక్కనున్న వేపను పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లు తడిశాయి.

మేజరు గుంతలోకి చెయ్యి చాచి అమీన్‌ను పైకి లాగాడు. “తెలివైన పని చేశారు. ఎవరి ఆలోచన ఇది?”

అమీన్‌కు ప్రాణం లేచివచ్చింది. బంకర్లను శత్రువే మెచ్చుకుంటుంటే ఇంకేం కావాలి? జవాన్లందరికీ వినబడేలా, “నాదే సాబ్. ఎవ్వలు చెప్పలే, నేనే సోంచాయించిన,” అన్నాడు ఛాతీ విరిచి.

“ఆ తెల్లజెండా లేకపోతే కాల్చేసేవాళ్లం.”