కరువు మార్కులు

మూడేళ్లకు వాన పడిందని ఓబులమ్మ దేవుడి పటం ముందు టెంకాయ కొట్టింది. ఇంతలో కూతురు చౌడేశ్వరి హాకీ కర్రతో వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అమ్మా, కాలేజీ పోటీల జట్టులోంచి నన్ను తీసేసినారు."

"నిన్న ఉంటివి గదా పాపా!"

"నీళ్లు చల్లే పచ్చ మైదానాలు లేవని కరువు మండలాల పిల్లలకు జట్టును ఎంచే కంప్యూటర్ యంత్రం పది మార్కులు కలుపుతాది గదా. నిన్నటి వానతో మనది కరువు మండలం కాదంట."

"ఒక్క వానకేనా? ఒక్కరోజులో మైదానం మొలిచిందా?"

"బురద మొలిచింది. మొక్కుకునింది నువ్వే గదమ్మా!" నవ్వబోయి ఏడ్చేసింది చౌడేశ్వరి.

బయట మళ్లీ మబ్బు కమ్ముకుంది. ఇంకో వాన పడకపోతే చేలో వేరుశనగ మొలవదు. పడితే పిల్ల పేరు తిరిగి రాదు. ఏమని అడగాలో తెలియక ఓబులమ్మ చేతులు జోడించి పటం ముందు అలాగే నిలబడింది.