మ్యాపులో ఇద్దరే

"రేపు పొద్దున నెవాడాలో అణుబాంబు పరీక్షమ్మా. గాలి ఇటే వీస్తుంది, విషపు దుమ్ము పడుతుంది. ఇంట్లోంచి బయటికి రాకండి."

చుట్టుపక్కల ఇళ్లకు హెచ్చరిక చెప్పే ప్రభుత్వోద్యోగిని; గాలి లెక్కలు రెండుసార్లు సరిచూసుకునే వచ్చాను. పశువుల కొట్టం ముందు బల్లలు సర్దుతున్న ఇంటావిడ వెర్లా పకపకా నవ్వింది.

"రెండొందల మందిని ఇంట్లో ఎక్కడ కుక్కను బాబూ? రేపు ఈ వాకిట్లోనే మా అమ్మాయి పెళ్లి!"

నా మ్యాపులో ఈ ఇంట్లో ఉన్నది భార్యాభర్తలిద్దరే. కంగారుగా వాళ్ల ఫోన్లోనే పై అధికారికి చెప్పాను.

"రెండొందలా? అయితే గాలి తిరిగేదాకా ఆపేస్తాం," అన్నారాయన.

ఆ మాట చెప్పగానే వెర్లా సంతోషంగా నా చేతిలో కేకు ముక్క పెట్టింది.

"అంటే, మేమిద్దరమే ఉంటే పేల్చేసేవాళ్లన్నమాట!"

ముక్కను బల్ల మీద పెట్టి మ్యాపు మడవసాగాను.

"తిను నాయనా! పట్నంలో ఇంకా ముగ్గురు కూతుళ్లున్నారు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఒక పెళ్లి పెడతాను. నువ్వు కాస్త ముందుగా కబురు చెయ్యి, చాలు."