ఒకే నక్షా ఇళ్ళు

"ఆ తెల్ల మచ్చ తెలిసిపోతంది," అంది సత్యలక్ష్మి, నడిమి గది గోడకేసి చూస్తూ.

"తెలిస్తే తెలిసింది. చెమ్మ పట్టిందని చెప్తాను," అన్నాడు గోవిందరావు. "నువ్వు మాత్రం నోరు మెదపకు. బాబు సంగతి ఎత్తేవంటే వొచ్చినోళ్ళు వొచ్చినట్టే పోతారు. పిల్లడు పోయిన ఇంట్లోకి ఎవులొస్తారు?"

"ఆళ్ళకి చిన్న పాపుందట కదండీ. తెలిసి తెలిసి..."

"ఈ ఇంట్లోనే ఉంటే నువ్వు కూడా నాకు మిగలవు. నా లెక్క అదొక్కటే."

అతని లెక్కలో తప్పు లేదు. బాబు పోయినప్పటి నుంచి సత్యలక్ష్మి ఆ గదిలో అడుగుపెట్టలేదు. వంటింటి గడప దగ్గర చాప వేసుకుని, కళ్ళు తెరుచుకునే తెల్లవారేదాకా పడుకుంటోంది. తిండి సగమైంది. మాట అంతకన్నా తగ్గిపోయింది.

బయట సైకిలు గంట మోగింది. గురునాథరావు వచ్చాడు. వెనకే రిక్షాలో భార్యాభర్తలు.

గురునాథరావుకు సుపేలా బజారులో గిన్నెల కొట్టుంది. ఉక్కు ప్లాంటులో పనిచేసే తెలుగువాళ్ళు గిన్నెలకే కాదు, కంపెనీ క్వార్టర్లకూ అతని దగ్గరికే వచ్చేవారు. ఈ సెక్టారు వాడికి ఆ సెక్టారు కావాలి, అక్కడివాడికి ఇది కావాలి. ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే ఆఫీసువాళ్ళు ఇళ్ళు మార్చేవారు. దాన్ని మ్యూచువల్ అనేవారు. తగిన ఇద్దరిని వెతికి కలపడం గురునాథరావు పని. తక్కెడ రెండు వైపులా సమంగా తూగదనిపిస్తే అతను బేరం జోలికే పోడు.

వచ్చిన పరబ్రహ్మం ముందు గదిలోనే కుర్చీలో కూలబడ్డాడు. "నేను చూసేదేముందండీ? మాదీ ఇదే నక్షా. కళ్ళు మూసుకుని తిరగగలను."

"మరి మార్చుకోడం దేనికండీ?" అనేసింది సత్యలక్ష్మి. గోవిందరావు కళ్ళెర్రజేశాడు.

"ఇక్కణ్ణించి ఆయనకి ప్లాంటు గేటు దగ్గరండి," అంది పరబ్రహ్మం భార్య సీతాలక్ష్మి. పరబ్రహ్మం చెప్పుల వంక చూసుకున్నాడు.

ఇల్లు చూపించడం సత్యలక్ష్మి వంతయింది.

"ఇది వంటిల్లమ్మా. పొయ్యి ఈ మూలకుంటే పొగ నిలవదు. కంచం పట్టుకుని ఈ పీట మీద కూర్చునేవోడు..." ఆగి, పీటని గోడకి జరిపింది. "ఈయనే. ఈయన కూర్చుంటారు."

పెరట్లో నీళ్ళతొట్టి మీద రేకు మూత, మూత మీద రాయి ఉన్నాయి.

"మంచి పని చేశారు. మా పాపకి నీళ్ళు కనిపిస్తే చాలు, మునిగేదాకా ఊరుకోదు," అంది సీతాలక్ష్మి.

"పాపని తీసుకురాలేదేటమ్మా?"

"పడుకుందండి."

నడిమి గది గడప దగ్గర సత్యలక్ష్మి ఆగిపోయింది. సీతాలక్ష్మి ఒక్కతే లోపలికి వెళ్ళింది. చిన్న గది. పడమటి కిటికీ నుంచి సాయంత్రపు ఎండ వచ్చి నేల మీద చాప పరిచినట్టు పడింది. మంచం లేదు. అది ఉన్నచోట నేల మిగతా గదికన్నా నున్నగా ఉంది. గోడలన్నీ మాసి, మోకాలెత్తులో ఒక్కచోట మాత్రం కొత్త సున్నం మెరుస్తోంది.

"చెమ్మండి!" ముందు గదిలోంచి కేకేశాడు గోవిందరావు.

సీతాలక్ష్మి గోడ పక్కన గొంతుక్కూర్చుని ఆ తెలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"మా పాపా అంతేనండి. గోడ దొరికితే గోళ్ళతో గీకి సున్నం తింటుంది. ఎంత కసిరినా మానదు. మంచం ఈ కిటికీ కింద వేస్తే బావుంటుంది. వెలుతురు చూస్తూ పడుకోవడం దానికిష్టం."

సత్యలక్ష్మి గడప దాటింది.

"ఒద్దమ్మా! ఈ గదిలో పాపని పడుకోబెట్టకు. మా బాబు ఈ కిటికీ కిందే పోయేడు. కంఠసర్పొచ్చి గొంతు పూడుకుపోయింది. ఆ గోడ ఆడు గీకిందే. సున్నం కొట్టి నిన్ను మోసం చేసేం తల్లీ."

ముందు గదిలో గోవిందరావు తల పట్టుకున్నాడు. గురునాథరావు వీధి వైపు తిరిగాడు.

సీతాలక్ష్మి గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. "పేరేమిటండీ?"

"గోపాలం."

సీతాలక్ష్మి లేచింది. "మాకీ ఇల్లే కావాలండి. రేపు మావారు ఆఫీసుకొచ్చి సంతకం పెడతారు."

సత్యలక్ష్మి నిర్ఘాంతపోయింది. "ఇంత చెప్పినా? గేటు దగ్గరని పసిదాన్ని తెచ్చి ఈ గదిలో పెడతావా? ఏటి తల్లివమ్మా నువ్వు!"

పరబ్రహ్మం దిగ్గున లేచాడు. సీతాలక్ష్మి అతన్ని కళ్ళతోనే వారించింది. సత్యలక్ష్మి చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసి, వెళ్ళి రిక్షా ఎక్కింది.

"చదువుకున్నోళ్ళు. పట్టింపుల్లేవు. గండం గడిచింది," అన్నాడు గోవిందరావు ఊపిరి పీల్చుకుని.

సత్యలక్ష్మి వినిపించుకోలేదు. సైకిలు స్టాండు తీస్తున్న గురునాథరావు దగ్గరికి పరుగెత్తింది.

"బాబూ, మీరు పెద్దోరు. ఆవిడికి మీరైనా చెప్పండి. నేనీ గదిలోనే చస్తాను గానీ ఇంకో తల్లికి ఇది ఒద్దు. ఆ పాపకేటైనా అయితే నేను బతకలేను."

ఎన్నో ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నా, ఒకరి ఇంటి మాట ఇంకొకరి ఇంట్లో దించలేదు గురునాథరావు. ఆ నియమం ఇంత బరువని అతనికి ఇవాళే తెలిసింది. రిక్షా మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఆ పాపకింక ఏమీ కాదమ్మా," అన్నాడు. "ఎళ్ళి ముఖం కడుక్కో."

ఆ పాపను మట్టిలో పెట్టి నెల దాటలేదు.