వేడెక్కని ఇంజన్

“నాన్నా, మన కారు వేడెక్కడం లేదు.”

“వేడెక్కకపోతే మంచిదేగా! బండి వేడెక్కిపోతోందని లబోదిబోమనే వాళ్ళనే చూశాను ఇన్నేళ్ళూ,” అన్నాడు మేస్త్రీ, కుర్చీలోంచి కదలకుండా.

“ఎంతసేపు తిప్పినా మీటర్లో ముల్లు అడుగునే ఉంటోంది. పెట్రోలు తెగ తాగేస్తోంది. ఒక్కసారి చూడవూ?”

“నేను చూసేదేముంది? ఈ నెలతో షెడ్డు షట్టర్ దించేద్దామని చెప్పానుగా.”

ఆ మెకానిక్ షెడ్డంటే కూతురికి ప్రాణం. తండ్రి బానెట్ కింద తలదూర్చి చెయ్యి చాపేలోపే కావలసిన పానా అందించేది. చప్పుడు విని ఏ బండికి ఏం జబ్బో చెప్పేసేది. అంతా నోటిమాటగానే. “నువ్వు విప్పు తల్లీ” అంటే మాత్రం, “అమ్మో, నువ్వుండగా నేనెందుకు?” అంటూ జారుకునేది.

అలాంటిది, వానలు మొదలైనప్పటి నుంచి మేస్త్రీ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. టీ తాగితే సగం చొక్కాకే. గుండీలు భార్య పెట్టాల్సిందే. డాక్టరు దగ్గరికి పదమంటే ససేమిరా అన్నాడు. నా పని అయిపోయిందంటూ కుర్చీకి అతుక్కుపోయాడు.

అందుకే ఆమె ఒక దొంగపని చేసింది. నిన్న అమ్మానాన్నలు పెళ్ళికి వెళ్ళగానే, తుక్కు డబ్బాలోంచి పాడైపోయిన థర్మోస్టాట్ వాల్వు ఒకటి ఏరి, తమ కారుకే బిగించేసింది. ఆమె తన చేత్తో ఇంజన్ మీద పానా పెట్టడం అదే మొదలు. ముచ్చెమటలు పట్టాయి. పానా జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. అయినా వదల్లేదు. జబ్బు పెట్టింది తను, పట్టుకోవాల్సింది నాన్న. పట్టుకున్నాడా, మళ్ళీ మనిషవుతాడు.

“మీటరే చెడిందేమో,” విసుక్కున్నాడు మేస్త్రీ.

“లోపల హీటర్ కూడా వేసి చూశా. గాలి చల్లగానే వస్తోంది.”

ఆయన తలెత్తాడు. “ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోందా?”

“లేదు.”

“స్టార్ట్ చెయ్యి. ఫ్యాన్‌కి దూరంగా ఉండి, రేడియేటర్ పై పైపు పట్టుకో.”

పట్టుకుంది. “అప్పుడే గోరువెచ్చబడుతోంది నాన్నా.”

మేస్త్రీ చటుక్కున లేచి నిలబడ్డాడు.

“అదీ సంగతి! ఇంజన్ కాగేదాకా ఆ పైపులోకి నీళ్ళు రానే కూడదు. ఆపాల్సిన వాల్వు నోరు తెరుచుకుని కూర్చుంది. థర్మోస్టాట్!”

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంజన్ చల్లారేదాకా ఆగి, పానా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. “నువ్వే విప్పు నాన్నా.”

బోల్టు మీద పానా టకటకా కొట్టుకుంది. ఆయన వెనక్కి తగ్గాడు. “నావల్ల కాదు తల్లీ. నువ్వు విప్పు, నేను చెప్తా.”

ఈసారి ఆమె జారుకోలేదు. జారుకుంటే నాన్న మళ్ళీ కుర్చీ ఎక్కేస్తాడు. నీళ్ళు దించింది. బోల్టులు తీసింది. వాల్వు బయటికి లాగింది. చల్లారిన తరవాత కూడా దాని నోరు తెరిచే ఉంది. కొత్తదాన్ని వేడినీళ్ళ గిన్నెలో వేసి చూస్తే అప్పుడు తెరుచుకుంది, బయటికి తీస్తే నెమ్మదిగా మూసుకుంది.

“ఒకే బోల్టు చివరిదాకా బిగించకు. కాస్త ఇటు, కాస్త అటు... శభాష్! ఆ వేళ్ళకేమైంది?”

“కూరలు తరుగుతుంటే తెగాయిలే,” అంది ఆమె తల ఎత్తకుండా.

మళ్ళీ స్టార్ట్ చేస్తే ముల్లు కదిలింది. చూస్తూండగానే మధ్యకొచ్చి కుదురుగా నిలబడింది. మేస్త్రీ పక్కనున్న పంక్చర్ షాపు వాణ్ణి కేకేశాడు.

“ఏమనుకున్నావోయ్! జబ్బు పట్టింది నేను, కుదిర్చింది మా అమ్మాయి!”

“మరి షట్టర్ దించేస్తానన్నావుగా మేస్త్రీ?”

“నోరు ముయ్యవోయ్! రేపు ఆ పాత వ్యాను ఇంజన్ దింపాలి మేం. పిల్ల దింపుతుంది, నేను చెప్తాను.”

కూతురు చేతులు తుడుచుకుంటూ తండ్రిని చూసింది. కుర్చీలో కూలబడ్డ మనిషిని తనే లేపి నిలబెట్టింది. ఆమె గుండె గర్వంతో ఉప్పొంగిపోయింది.

సాయంత్రం మేస్త్రీ మేడమీదికి వచ్చేసరికి, భార్య చిరిగిన దిండుగలీబు ముందేసుకుని కూర్చుంది.

“ఏంటి, మొహం వెలిగిపోతోంది?”

“ఆ పాడైన వాల్వు పెట్టింది మన పిల్లేనే! నన్ను లేపడానికి! పక్కన ఎవ్వరూ లేకుండా తనే విప్పి తనే బిగించింది. పాత వాల్వుకి కొత్త ప్యాకింగ్ వేసి ఉంది, దాని వేళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి, నాకు తెలీదూ? ఒక్క చుక్క కారితే ఒట్టు! నేను బిగించినా అంతకంటే బాగా రాదు. ఇంక నాకే బెంగా లేదు.”

“ఆ మురిపెం తరవాత పడుదురుగాని. ముందు ఈ సూదిలో దారం ఎక్కించండి, నాకు కనబడి చావదు.”

మేస్త్రీ తలుపు వైపు చూశాడు. కింద షెడ్డులో కూతురు ఏదో బండి స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినబడింది.

ఆయన సూది అందుకుని, ఒక్కసారికే దారం ఎక్కించేశాడు.