నాలుగో గడి

ఆ ఉదయం మబ్బులు రేకుల కప్పులమీదికి దిగిపోయాయి. నది పొంగుతోంది. జనాన్ని ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్‌కు తరలించే విమానం జాబితాలో నెరిడా ఇంటినుంచి ముగ్గురి పేర్లే ఉన్నాయి. ఐదుగురు మనవలూ లేరు.

“ఒరే డెంజిల్, నీ కంప్యూటరు మా పిల్లల్ని మింగిందేంరా?”

ఆ ఫారం తయారుచేసింది ఆమె అక్క కొడుకే. తెర చూసి విసుక్కున్నాడు.

“నాలుగో గడి ఖాళీగా వదిలేశావు పిన్నీ. ఖాళీ కనబడితే ఇంక మనుషుల్లేరనుకుని అది అక్కడే ఆగిపోతుంది. వరసగా నింపమని చెప్పానా లేదా?”

“నింపాను. పోయినవారం చెరిపేశాను.”

“చెరపడమేంటి? అక్కడున్నది మా బాబాయి...”

పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. నెరిడా అప్పటికే చెవులు మూసుకుంది. ఇక్కడి ఆదివాసుల్లో పోయినవాడి పేరు పలకకూడదు, రాసి కంటపడనీయకూడదు. ఫారం చేసేటప్పుడు ఈ ఊళ్లో పుట్టిన డెంజిల్‌కే ఆ సంగతి తట్టలేదు.

“తప్పు నాదే పిన్నీ.”

ఖాళీ దగ్గర ఆగకుండా, చివరి గడిదాకా వెతికి పేరున్న ప్రతివాళ్లనూ తీసుకునేలా మార్చాడు. ఐదుగురు పిల్లలూ జాబితాలోకి వచ్చారు. వాళ్ల వెనకే పక్కింటి ముసలమ్మ పేరూ వచ్చింది. కిందటినెల ఆ ఇంట్లోనూ చావు జరిగింది, అక్కడా ఒక గడి ఖాళీ. తన పేరు లేదేమని ఆవిడ వచ్చి అడగనేలేదు.

నెరిడా రొట్టె విరిచి సగం అతని చేతిలో పెట్టింది.